గాలిలో నాక్స్ ఎవరిది? గోదావరి డెల్టాలో ఏ పద్ధతితో వెతకాలి

పాలకొల్లు దగ్గర మా స్నేహితుడి ఊళ్లో ఇటుక బట్టీ మీద పెద్ద గొడవ నడిచింది. పిల్లలకు తగ్గని దగ్గు, తెల్లవారుజామున కళ్ల మంట. కంటికి కనిపించే పొగ బట్టీదే కాబట్టి తప్పు కూడా దానిదే అని ఊరంతా తేల్చేసుకుంది. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. "నువ్వే కొలిచి చెప్పరా" అన్నాడు వాడు. ఒక సీజన్ అంతా రకరకాలుగా కొలిచాక, నాక్స్ (మంటల్లో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్ల వాయువు) వరకు చూస్తే పెద్ద వాటా రొయ్యల చెరువుల గట్ల మీద నడిచే డీజిల్ జనరేటర్లదని తేలింది. బట్టీ దుమ్ము, మసి బట్టీవే, వాటికి అది జవాబు చెప్పుకోవాల్సిందే. కానీ ఈ వాయువు విషయంలో ఊరు చూస్తున్న దిక్కు ఒకటి, అది వస్తున్న దిక్కు ఇంకొకటి.

ఆ పనిలో మొదటి రెండు నెలలు వృథా అయ్యాయి. గాలిలో ఎంత ఉందో చెప్పే సాధనం పట్టుకుని, అది ఎవరిదో తేల్చాలని చూడటమే కారణం. ఎంత అనేది ఒక ప్రశ్న, ఎవరిది అనేది వేరే ప్రశ్న. ఏ పద్ధతి ఎంచుకోవాలని నన్ను అడిగేవాళ్లందరినీ నేను ముందు అడిగేది ఇదే: మీకు కావాల్సింది ఈ రెండిటిలో ఏది?

పొగ లేకపోయినా నాక్స్ ఉంటుంది

నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రెండిటినీ కలిపి నాక్స్ అంటారు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. మామూలుగా అది దేని జోలికీ పోదు. మంట వేడి 1,300 డిగ్రీలు దాటి పైకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్‌తో కలవడం జోరందుకుంటుంది. డీజిల్ ఇంజన్ సిలిండర్‌లో మంట 2,000 డిగ్రీలు కూడా దాటుతుంది. ఇటుక కాలేది 1,000 డిగ్రీల చుట్టుపక్కల. అందుకే బట్టీ నల్లగా పొగ వదులుతూ కూడా నాక్స్ తక్కువగా ఇవ్వగలదు. గ్యాస్ టర్బైన్ పొగే కనిపించకుండా ఎక్కువ ఇవ్వగలదు. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ బావుల మధ్య ఉన్న మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. గ్యాస్ మంటలో మసి ఉండదు, గంధకం వాసన ఉండదు, నాక్స్ మాత్రం ఉంటుంది.

మన చేలు కూడా ఒక మూలమే. చల్లిన యూరియాలో కొంత నత్రజని మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి పైకి లేస్తుంది. నీళ్లు నిలిచిన వరిచేలో ఇది తక్కువే, అక్కడ అమ్మోనియా గొడవ ఎక్కువ. మడి ఆరి మళ్లీ తడిసినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కసారిగా వస్తుంది. దాళ్వా కోసేశాక ఎండిన చేల మీద మొదటి వాన పడే రోజులు చూడండి. ఉరుములు, మెరుపులు కూడా నాక్స్ చేస్తాయి కానీ అదంతా ఎక్కువగా పైఎత్తున ఉంటుంది. ఊరి లెక్కలో దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఇంకొక్క సంగతి. ఇంజన్ నుంచి వచ్చేది చాలావరకు నైట్రిక్ ఆక్సైడ్. గాలిలో ఓజోన్ తగిలితే నిమిషాల్లో డయాక్సైడ్ అవుతుంది. ఆ డయాక్సైడ్ ఎండ బాగా ఉన్న రోజున కొన్ని గంటలకే నైట్రిక్ ఆమ్లంగా మారిపోతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలి అనుకుంటే నాలుగు గంటల్లో అది పోగలిగేది 60 కిలోమీటర్లు. అందువల్ల అమలాపురంలో మిట్టమధ్యాహ్నం కొలిచిన దానికి విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం బొగ్గు విద్యుత్ కేంద్రాన్నో, విశాఖ దగ్గరి పరవాడ కేంద్రాన్నో తప్పు పట్టేముందు ఆగాలి. దగ్గర్లోనే వెతకాలి.

ఉపగ్రహం మ్యాపు

ఫోన్‌లో వెతికితే ముందు కనిపించేది ఇదే, చూడ్డానికి అందంగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఐరోపా వాళ్ల సెంటినెల్-5పీ ఉపగ్రహాన్ని 2017 అక్టోబరులో పంపారు. అందులోని ట్రోపోమి అనే పరికరం రోజుకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, నేల నుంచి పైదాకా ఉన్న నైట్రోజన్ డయాక్సైడ్ మొత్తాన్ని చూస్తుంది. ఒక్కో గడి 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. ఆ గడిలో మీ ఊరు, పక్క ఊరు, మధ్యలో కాలువ, రెండు రైసుమిల్లులు, చెరువులు అన్నీ కలిసిపోతాయి.

ఏడాది డేటా సగటు తీసి రాజమహేంద్రవరం, కాకినాడ, 16వ నంబరు జాతీయ రహదారి, కోనసీమ పల్లెలు పక్కపక్కన పెట్టి చూడాలంటే దీనికి మించింది లేదు. జిల్లా స్థాయి ప్రశ్నకు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ఊళ్లో తగువుకి మాత్రం పనికిరాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు అడ్డం. పైగా రాత్రి జరిగేది దానికి తెలియదు. మా స్నేహితుడి ఊరి కథలో అసలు విషయమంతా రాత్రి మూడు గంటలకే జరిగింది.

ప్రభుత్వ కేంద్రాల లెక్కలు

కాలుష్య నియంత్రణ మండలి కేంద్రాలు రెండు రకాలు. నిరంతరం నడిచే యంత్రంలో నైట్రిక్ ఆక్సైడ్‌ని ఓజోన్‌తో కలిపితే వచ్చే వెలుగును కొలుస్తారు. రాజమహేంద్రవరంలో అలాంటిది ఉంది, లెక్కలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. రెండోది చేత్తో చేసే పద్ధతి: గాలిని ద్రావణంలోకి పంపి, రంగు తెప్పించి, వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదికి 104 రోజులు కొలవడం. మన దేశ ప్రమాణం ప్రకారం నైట్రోజన్ డయాక్సైడ్ రోజు సగటు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన ఏడాది పరిమితి 10.

ప్రమాణం దాటిందా లేదా అన్న ప్రశ్నకు ఈ లెక్కలకే విలువ. కానీ కేంద్రం మీకు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే అది మీ గాలి కాదు. నేను వాటిని ఎక్కువగా వాడింది నా దగ్గరున్న సాధనాలను సరిచూసుకోవడానికే.

సెన్సర్ బాక్సు

ఎక్కువమంది ముందు కొనేది ఇదే. నేనూ ఇదే కొన్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న పెట్టె, లోపల వాయువు తగిలితే కరెంటు పుట్టించే ఎలక్ట్రోకెమికల్ సెల్, నిమిషానికో అంకె ఫోన్‌కి పంపిస్తుంది. మొదటి వారం భలేగా అనిపించింది. అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు పడ్డాక, బట్టీ ఆరిపోయి ఉన్నా, రోడ్డు మీద బండి లేకపోయినా అంకె పైపైకి పోయింది. అమ్మినవాళ్లను అడిగితే "క్యాలిబ్రేట్ చేసి పంపాం సార్" అన్నారు తప్ప ఇంకో మాట చెప్పలేదు. ఈ సెల్స్‌కి తేమ, వేడి మారితే అంకె మారుతుంది. ఓజోన్‌ని కూడా చాలావరకు డయాక్సైడ్ అనే అనుకుంటాయి. ఏడాది, రెండేళ్లకు సెల్ నీరసిస్తుంది. సగం ఏడాది ఉక్కపోతలో బతికే డెల్టాలో ఇవన్నీ రెట్టింపు అవుతాయి.

అయినా సెన్సర్ వద్దని నేను అనను. దాని అంకెను నమ్మకండి, దాని గడియారాన్ని నమ్మండి. ఏ గంటలో పెరిగింది, ఏ గంటలో తగ్గింది అన్నది ఇంత చవకగా చెప్పే సాధనం ఇంకోటి లేదు. మా స్నేహితుడి డాబా మీద పెట్టినప్పుడు రెండు శిఖరాలు కనిపించాయి. సాయంత్రం ఏడింటి నుంచి తొమ్మిది దాకా ఒకటి, రాత్రి రెండున్నర నుంచి ఐదు దాకా ఇంకొకటి. మొదటిది చూడగానే బండ్లదే అనేశాను. అది తొందరపాటు. పొద్దుగూకాక నేల దగ్గర గాలి పొర పలచబడి అక్కడే నిలిచిపోతుంది. పొగ అంతే వచ్చినా అంకె రెట్టింపు అవుతుంది. సాయంత్రపు శిఖరంలో కొంత బండ్లది, కొంత ఆ గాలిది.

రెండో దానికీ ఆ అనుమానం ఉంటుంది కదా, తెల్లవారుజామున గాలి ఇంకా నిలకడగా ఉంటుంది. అందుకని కరెంటు పోయిన రాత్రులను, పోని రాత్రులను విడదీసి చూశాం. మా వాడు గోడ మీద క్యాలెండర్‌లో కరెంటు పోయిన గంటలు పెన్సిల్‌తో రాసేవాడు. కరెంటు ఉన్న రాత్రి మూడింటికి గీత చదునుగా ఉంది. పోయిన రాత్రి నిటారుగా లేచింది. చెరువులో నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే రొయ్యకు ఊపిరాడదు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపడానికి వీల్లేదు. కరెంటు పోతే ప్రతి గట్టు మీదా జనరేటర్ మోగాల్సిందే. రైతు టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే, ఒక్క గంట ఆలస్యమైతే పంట మొత్తం తేలిపోతుంది.

అంకెలు పోల్చేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. చాలా బాక్సులు పీపీబీల్లో (వంద కోట్ల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లు అని) చూపిస్తాయి, మన ప్రమాణం మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఒక పీపీబీ నైట్రోజన్ డయాక్సైడ్ అంటే సుమారు 1.88 మైక్రోగ్రాములు. 45 పీపీబీ చూసి "80 లోపే ఉందిలే" అనుకునేవాళ్లను చూశాను. లెక్క కడితే అది దాదాపు 85.

గాజు గొట్టంలాంటి చిన్న ట్యూబు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే. 1970ల్లో పామ్స్ అనే శాస్త్రవేత్త రూపొందించిన డిఫ్యూజన్ ట్యూబు. చూపుడు వేలంత అక్రిలిక్ గొట్టం. పై మూతలో డయాక్సైడ్‌ను పట్టుకునే ట్రైఇథనోలమైన్ అనే రసాయనంలో తడిపిన చిన్న స్టీలు జల్లెడ, కింది చివర తెరిచి ఉంటుంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. వేలాడదీసి రెండు నుంచి నాలుగు వారాలు వదిలేస్తే డయాక్సైడ్ దానంతట అదే పైకి పాకి జల్లెడకు అంటుకుంటుంది. తర్వాత తీసి, మూత బిగించి, ల్యాబులో సల్ఫనిలమైడ్, ఎన్ఈడీఏ అనే రసాయనాల ద్రావణం పోస్తే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే వాయువు అంత ఎక్కువ. రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్లో 540 నానోమీటర్ల వెలుగు దగ్గర కొలిస్తే అంకె వస్తుంది. ఈ మాత్రం పరికరం డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో సాధారణంగా ఉంటుంది.

మా కాలేజీ పిల్లలు స్టాండులో 12 గొట్టాలు వరసగా పెట్టి రంగు వచ్చేదాకా చుట్టూ నిలబడ్డారు. కొబ్బరి తోట అవతల పెట్టినవి నీళ్లలో రోజ్ సిరప్ ఒక్క చుక్క పడ్డట్టున్నాయి. బట్టీ దగ్గరవి దానికన్నా కొద్దిగా ముదురు. చెరువు గట్టువి మాత్రం రాజమండ్రి రోజ్‌మిల్క్ కొట్టు సీసాలో సిరప్‌లా వచ్చాయి. మీటర్లో పెట్టకముందే వాళ్లకి జవాబు తెలిసిపోయింది.

ట్యూబులో ఖచ్చితత్వం అంత గొప్పగా ఉండదు, 20-25 శాతం అటూ ఇటూ. అదీ నెల మొత్తానికి ఒక్క అంకె, గంటల సంగతి చెప్పదు. కానీ ఒకేసారి ఇరవై చోట్ల పెట్టొచ్చు. ఎవరిదో తేల్చాలంటే ఒక మంచి అంకె కన్నా ఇరవై ఓ మాదిరి అంకెలు మేలు. ఒక చోట నుంచి దూరం వెళ్లేకొద్దీ ఎలా తగ్గుతోందో అవే చూపిస్తాయి. రావులపాలెం వంతెన దగ్గర రహదారికి 10 మీటర్లు, 50, 100, 200 మీటర్ల దూరంలో వరసగా పెట్టండి. రోడ్డు దగ్గర ఎక్కువ ఉండి 200 మీటర్లకల్లా ఊరి మామూలు స్థాయికి దిగిపోతే అది రోడ్డుదే. దిగకపోతే వేరే మూలం కలుస్తోందని అర్థం.

పెట్టేటప్పుడు చేయిపెట్టగలిగినంత ఎత్తు కన్నా కాస్త పైన, రెండున్నర మూడు మీటర్ల మధ్య పెట్టండి. కొబ్బరి మట్టల మధ్య పెట్టొద్దు, ఆకులు వాయువును పీల్చేస్తాయి. వంటింటి కిటికీ పక్కన అసలు వద్దు, గ్యాస్ పొయ్యి నాక్స్ ఊరి నాక్స్ లెక్కలో పడుతుంది. ఒక్కో చోట మూడేసి పెట్టండి, ఒకదాంట్లో సాలెపురుగు గూడు కట్టడం మామూలే. మూత తియ్యని ట్యూబులు రెండు మీతో తిప్పండి, ఆ ఖాళీ విలువను మిగతా వాటిలోంచి తీసేయాలి. కరెంటు స్తంభాలు మాత్రం ఎక్కొద్దు. పంచాయతీని అడిగితే బడి గోడ, వాటర్ ట్యాంకు మెట్లు ఇస్తారు.

ఐసోటోపుల వేలిముద్ర

పరిశోధన చేసే విద్యార్థులు ఎక్కువగా అడిగేది దీని గురించే. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు. నైట్రోజన్‌లో 14 బరువున్నవి ఎక్కువ, 15 బరువున్నవి చాలా తక్కువ. పుట్టిన చోటును బట్టి ఆ పాళ్లలో చిన్న తేడా ఉంటుంది. మామూలు గాలిలోని నైట్రోజన్‌ను సున్నా అనుకుంటే, మట్టి నుంచి వచ్చే నాక్స్ వెయ్యికి మైనస్ 20 నుంచి మైనస్ 50 దాకా దిగుతుంది. బొగ్గు కేంద్రాలది ప్లస్ వైపు, పది దాటి కూడా ఉంటుంది. వాహనాలది మధ్యలో, సున్నాకు అటూ ఇటూ.

కాబట్టి "చేలదా, ఇంజన్లదా" అని అడిగితే ఈ పద్ధతి బాగా చెబుతుంది. యూరియా ఇంత వాడే డెల్టాలో ఆ ప్రశ్న చాలా విలువైనదే, ఎవరైనా సార్వా, దాళ్వా రెండు పంటల మీదా చేస్తే బాగుండునని నాకు ఎప్పటి నుంచో ఉంది. "లారీదా, జనరేటర్‌దా" అంటే మాత్రం చెప్పలేదు, రెండూ డీజిలే. పైగా 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ మీద పెట్టిన కొత్త ప్రమాణం) లారీల్లో 32.5 శాతం యూరియా ద్రావణం పోసి నాక్స్‌ను తగ్గిస్తున్నారు, దాంతో మిగిలిన నాక్స్ వేలిముద్ర కూడా మారుతుంది. చేలో నాక్స్ పుట్టించే యూరియాయే లారీలో దాన్ని చంపుతోంది. నైట్రిక్ ఆక్సైడ్, డయాక్సైడ్ ఒకదానికొకటి మారేటప్పుడు కూడా పాళ్లు జరుగుతాయి, ఆ దిద్దుబాటు చేయకపోతే తప్పు దారి పడతారు. దీనికి కావాల్సిన, పరమాణువుల బరువు తేడా కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ జాతీయ సంస్థల్లోనే దొరుకుతుంది. అలాంటి సంస్థలో గైడ్ ఉంటేనే దిగండి. ఊరి సమస్యకు దీనిదాకా పోనక్కర్లేదు.

పక్కన ఇంకేముందో చూడటం

యంత్రాలు ఒకటికి రెండు అందుబాటులో ఉంటే, నాక్స్‌తో పాటు వచ్చే వాయువును చూడటం చవకైన దారి. సల్ఫర్ డయాక్సైడ్ కలిసి పెరిగితే బొగ్గో, ఫర్నేస్ ఆయిలో, కాకినాడ వైపైతే ఓడలో. కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువుంటే సరిగా మండని గడ్డి, ఊక, పాత పెట్రోలు బండ్లు. సల్ఫర్ లేదు, మసి లేదు, నాక్స్ మాత్రమే ఉందంటే గ్యాస్ మంటను అనుమానించాలి. అలా అనుమానించేముందు ఆ గ్యాస్ యూనిట్ అసలు నడుస్తోందా అని కనుక్కోండి. గ్యాస్ సరఫరా చాలక మన ప్రాంతంలో కొన్ని విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి, ఆగిన పొగగొట్టం మీద ఫిర్యాదు పెట్టి పరువు పోగొట్టుకోవద్దు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

బట్టీ, చెరువు, మిల్లు లాంటి ఊరి తగువు అయితే ట్యూబులు, ఒక నోటుపుస్తకం. ఏ రోజు గాలి ఎటు వీచింది, బట్టీ ఎప్పుడు వెలిగింది, కరెంటు ఎప్పుడు పోయింది, ఎక్కడ గడ్డి తగలబెట్టారు, ఇవన్నీ రాయండి. బట్టీలు వానలు పట్టగానే ఆగుతాయి కదా, ఆగకముందు ఒక నెల, ఆగాక ఒక నెల ట్యూబులు పెట్టండి. గాలి దిక్కు మారుతుంది కాబట్టి బట్టీకి దూరంగా కూడా కొన్ని ఉంచండి. బట్టీ దగ్గరవి, దూరపువి ఒకేలా తగ్గితే అది వాన చేసిన పని. బట్టీ దగ్గరవి మాత్రమే పడిపోతే అది బట్టీ. సెన్సర్ చేతిలో ఉంటే గంటల కోసం జత చేయండి, దానికోసమే కొత్తగా కొనాల్సిన పని లేదు.

పట్టణం, రహదారి ప్రశ్న అయితే ట్యూబులకు తోడు బండ్ల లెక్క కావాలి. ఒక వారం రోజులు ఉదయం, సాయంత్రం, రాత్రి లారీలు, బస్సులు, కార్లు, బైకులు విడివిడిగా లెక్కపెట్టండి. సంక్రాంతి మూడు రోజులు మంచి అవకాశం: కోనసీమ రోడ్ల మీద కార్లు ముంచెత్తుతాయి, లారీలు తగ్గుతాయి. ఆ రోజుల్లో సెన్సర్ గీత ఎలా మారిందో చూస్తే ఎవరి వాటా ఎక్కువో కొంత తెలుస్తుంది. భోగి తెల్లవారుజామును మాత్రం ఆ లెక్కలోంచి తీసేయండి.

కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వాలంటే మీ ట్యూబులు కోర్టులో సాక్ష్యం కావు. 1981 వాయు కాలుష్య చట్టం 26వ సెక్షన్ ప్రకారం నమూనా అధికారులే తీయాలి, దానికో పద్ధతి ఉంది. కానీ వాళ్లను ఏ రోజు, ఏ గంటకు రమ్మనాలో మీ ట్యూబులు, నోటుపుస్తకం చెబుతాయి. "మా ఊళ్లో కాలుష్యం ఉంది" అని రాస్తే పగలు పదకొండింటికి వచ్చి చూసి వెళ్తారు. "కరెంటు పోయిన రాత్రుల్లో రెండున్నర నుంచి ఐదు మధ్య, దక్షిణపు గట్టు దగ్గర" అని రాస్తే ఏ గంటకు రావాలో వాళ్లకు తెలుస్తుంది.

మా స్నేహితుడి ఊళ్లో ఫిర్యాదు దాకా పోలేదు. రోజ్‌మిల్క్ రంగు గొట్టాలను పంచాయతీ ఆఫీసు బల్ల మీద పెట్టి చూపించాం. చెరువుల రైతుల్లో ఇద్దరు వాళ్ల జనరేటర్లను ఇళ్లకు దూరంగా, అవతలి గట్టుకు మార్చారు, పొగగొట్టాలు ఎత్తు చేశారు. మిగతావాళ్లు చూద్దాం అన్నారు. అవే చోట్ల మళ్లీ 12 ట్యూబులు వేలాడదీశాం, నెలాఖరుకు తీస్తాం.